చైనా కొంగ క్షమాపణ

ఒక పెద్ద అడవి. ఎంత పెద్దదంటే, ఈ చివర వేసిన ఉత్తర్వు ఆ చివరకు చేరేలోపు దాన్ని వేసిన అధికారి రిటైరైపోయేవాడు. అయినా ఆ అడవిని ఏలే సింహంగారు రోజుకో ఉత్తర్వు వేస్తూనే ఉండేవారు.

అక్కడ వినోద శాఖలో సుభాషిణి అనే గోరింక డబ్బింగ్ చెప్పేది. చలికాలంలో హిమాలయాలు దాటి వచ్చే బాతుల దగ్గర ఆమె చైనా భాష నేర్చుకుంది. అదెందుకు పనికొస్తుందో ఆమెకూ తెలీదు. విన్న మాట నోటికి పట్టేదాకా గోరింకలకు తోచదు, అంతే.

ఆ రోజుల్లో అడవి టీవీలో ఒకటే సీరియల్. అత్త దుమ్ములగొండి, కోడలు లేడి తాగే పాయసంలో ఏదో కలిపేది. లేడి గిన్నె ఎత్తేది. ఉరుము. చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూపించేవారు. మళ్ళీ ఉరుము. గిన్నె లేడి నోటిదాకా రావడానికి వారం పట్టేది. చూసేవాళ్ళు ఒక్కొక్కరే లేచిపోతుంటే వినోద శాఖ కార్యదర్శి జంబుకం అనే నక్క కంగారుపడి, చైనా అడవి నుంచి ఒక ప్రేమకథ తెప్పించాడు. పేరు ‘గొడుగులో చోటుంది’.

అందులో లీ అనే కొంగ. సరస్సులో సగం అతనిదే. మెయ్ అనే బాతుపిల్ల నూడుల్స్ కొట్లో పనిచేస్తుంది. మొదటి భాగంలోనే ఆమె జారిపడి, పొగలు కక్కే సూప్ అతని తెల్లటి ఈకల మీద ఒంపేస్తుంది. ఇక ఇద్దరూ పోట్లాడుకుంటారు. వానొస్తే ఒకే గొడుగు కిందికి వస్తారు. రెక్కకు రెక్క తగిలితే చెరో వైపు చూస్తారు. ఎవరూ ఎవరికీ విషం పెట్టరు.

ఇంత చిన్న కథకే అడవి పడిపోయింది. కోతులు కొమ్మలు దిగి వచ్చి కుదురుగా కూర్చున్నాయి. గుడ్లగూబలు పెందలాడే లేచి వచ్చాయి. అడవిపంది వరాలైతే మొగుణ్ణి మోకాలితో పొడిచింది.

“చూడవయ్యా ఆ కొంగని! పిల్ల ఒక్కసారి తుమ్మితే నీళ్ళు కాచి తెచ్చాడు. మొన్న నేను జొరంతో పడుంటే నువ్వేం చేశావు?”

“నా దుంపలు నేనే తవ్వుకుని తిన్నా కదే,” అన్నాడు పందిమొగుడు నొచ్చుకుని. “నిన్నేమన్నా ఇబ్బంది పెట్టానా?”

కొంగకూ, బాతుకూ, కొట్టు యజమాని ముసలి పాండాకూ అందరికీ గొంతు సుభాషిణిదే. ప్రేమ మాటలన్నీ టీవీలో చెప్పేసి ఆమె ఒంటరిగా గూటికి పోయేది. గూట్లో పుల్ల ఏ వైపు పెట్టాలన్న తగువుతో మొగుడు ఏకాంబరం వానలకు ముందే వెళ్ళిపోయి, పక్క మద్దిచెట్టు మీద మకాం పెట్టాడు. ముందు ఆవిడే పిలవాలని ఆయన, ముందు ఆయనే రావాలని ఆవిడ.

ఇలా ఉండగా కథలో ఒక ఘట్టం వచ్చింది. మెయ్ దొంగతనం చేసిందని లీ అందరి ముందూ నిందిస్తాడు. తరవాత అది అబద్ధమని తెలుస్తుంది. వానలో తడుస్తూ ఆమె కొట్టు ముందుకు వచ్చి, పొడుగాటి మెడ నేలకు వంచి, “తప్పు నాదే. క్షమించు,” అంటాడు. మెయ్ చాలాసేపు చూస్తుంది. ఆఖరికి గొడుగు పక్కకు జరుపుతుంది.

డబ్బింగ్ గదిలో ఇది చూసి జంబుకం తోక నిక్కబొడుచుకుంది.

“ఇదేంటమ్మా! సరస్సులో సగం వాడిది. వాడు క్షమాపణ చెప్పడమేంటి?”

“తప్పు చేశాడు కద సార్.”

“చేస్తే? పెద్దవాళ్ళు కూడా క్షమాపణ చెబుతారని మనవాళ్ళకి తెలిస్తే ఏమవుతుందో ఆలోచించావా?”

అతని భయానికి కారణముంది. కిందటి ఎండాకాలం సింహంగారు వాగుకు అడ్డకట్ట కట్టించి, తమ గుహ ముందు ఈతమడుగు ఏర్పాటు చేసుకున్నారు. దిగువన దుప్పులకు గుక్కెడు నీళ్ళు లేకుండా పోయాయి. కూనలు కొన్ని చచ్చిపోయాయి. దాని గురించి ఎవరు నోరెత్తినా సింహంగారు ఒకటే జవాబు చెప్పేవారు.

నక్క పరిగెత్తుకెళ్ళి విన్నవించగానే సింహంగారు జూలు విదిల్చి, “ఆపించెయ్యి,” అన్నారు.

“ఆపితే అల్లరవుతుంది ప్రభూ. మహారాణిగారు కూడా చూస్తున్నారు.”

సింహంగారు విదిల్చిన జూలు సర్దుకున్నారు. “అయితే ఆ మాటొక్కటీ మార్పించు.”

“ఏం పెట్టమంటారు? అలాంటప్పుడు తమరైతే ఏమంటారు?”

“నేను నోర్ముయ్ అంటాను.”

“ఉత్తర్వు,” అన్నాడు నక్క.

సుభాషిణి బతిమాలింది. “సార్, ఆ మొహం చూడండి. కళ్ళ నిండా నీళ్ళు. ఆ మొహంతో నోర్ముయ్ అంటే ఎట్లా?”

“మొహం చైనావాళ్ళది. మాట మనది. చెప్పమ్మా.”

చెప్పింది. కానీ ఆ మొహానికి తగిన గొంతు తప్ప వేరే గొంతు పెట్టడం ఆమెకు చేతకాదు. అందుకని ఆ సాయంత్రం అడవంతా చూస్తుండగా, కొంగ వానలో మెడ వంచి, వణికే గొంతుతో, “నోర్ముయ్... నోర్ముయ్ మెయ్,” అన్నాడు. మెయ్ కన్నీళ్ళ మధ్య నవ్వింది. గొడుగు జరిపింది.

అడవి వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఇన్నాళ్ళూ ఆ మాటని మనం అపార్థం చేసుకున్నాం,” అంది వరాలు ముక్కు తుడుచుకుంటూ. పండితుడు తాబేలు మెడ బయటపెట్టి, “ప్రాచీన పదం. మనసు నిండితే నోరు దానంతట అదే మూతపడుతుంది. అదీ వ్యుత్పత్తి,” అని తేల్చేశాడు. తాబేలు చెప్పాక ఇక తిరుగేముంది!

పందిమొగుడు మర్నాడే ఆకుదొన్నెలో వేణ్ణీళ్ళు తెచ్చి, “నోర్ముయ్ వరాలూ,” అన్నాడు. ఆమె ఆ నీళ్ళు తాగకుండా పొద్దుగూకేదాకా చూసుకుంటూ కూర్చుంది. కోతులు కొట్టుకుని, నోర్ముయ్ నోర్ముయ్ అని కావలించుకున్నాయి.

ఏకాంబరం కూడా వచ్చాడు. ముక్కున ఉన్న మేడిపండు కొమ్మ మీద పెట్టి, రెక్కలు సర్దుకుని, మరోసారి సర్దుకుని, “నోర్ముయ్ సుభా. పుల్ల నువ్వన్న వైపే పెట్టాల్సింది,” అన్నాడు.

అసలు మాట ఏదో అడవి జనంలో ఆమె ఒక్కదానికే తెలుసు. చెబుదామని ముక్కు తెరిచింది. ఆయన తల వంచుకుని ఉన్నాడు. మరి చెప్పలేదు. “నువ్వే నోర్ముయ్,” అని కాస్త పక్కకు జరిగింది.

ఇదంతా గుహ దాకా పోలేదు. సింహంగారి గుహకు పొగడ్తలు తప్ప మరేవీ చేరవు. సీరియల్ బ్రహ్మాండంగా ఆడుతోందని మాత్రం నక్క చెప్పాడు. సంతోషించి సింహంగారు దర్బారు పెట్టారు. ప్రకటనలు చదవడానికి సుభాషిణిని పిలిపించారు.

దర్బారు మధ్యలో చుక్కమ్మ అనే ముసలి దుప్పి లేచి నిలబడింది. వాగు ఎండినప్పుడు ఆమె కూన పోయింది.

“మహారాజా, నాకు మేతొద్దు, పదవొద్దు. నా బిడ్డ సంగతి మీకు తెలిసిందే. నాతో ఒక్కసారి నోర్ముయ్ అనండి. అది చాలు.”

సింహంగారు తెల్లబోయారు. ఇంత సులువైన కోరిక ఆయన రాజ్యంలో ఎవరూ కోరలేదు. ఛాతీ పొంగించి, కొండలు మోగేలా, “నోర్ముయ్!” అన్నారు.

చుక్కమ్మ కళ్ళు మూసుకుంది.

“క్షమించడం నా వల్ల కాదు మహారాజా,” అందామె మెల్లిగా. “కానీ అన్నారు. ఇన్నాళ్ళకి అన్నారు.”

“రాజావారు తప్పు ఒప్పుకున్నారు!” అని వరాలు కేక పెట్టింది. “తప్పని ఆయనే అన్నాక ఇంకా ఆ కట్ట ఎందుకు? పదండి!”

“నోర్ముయ్!” అని గర్జించారు సింహంగారు. “అందరూ నోర్ముయ్యండి!”

“అందరికీ చెబుతున్నారు!” అని గుంపు కళ్ళు తుడుచుకుంది. “ఎంత మనసండీ!”

సింహంగారు సుభాషిణి వైపు తిరిగారు. “గోరింకా! ఆ మాటకి అర్థమేంటో చెప్పు వీళ్ళకి!”

సుభాషిణి నక్క వైపు చూసింది. నక్క కళ్ళతోనే వద్దు వద్దంటున్నాడు. ఆమె చుక్కమ్మను చూసింది. తరవాత ప్రకటనలు చదివే గొంతుతోనే చెప్పింది.

“చైనా కొంగ ‘తప్పు నాదే, క్షమించు’ అన్న చోట ఈ మాట చెప్పాలని తమరి ఉత్తర్వు, మహారాజా.”

ఆ పైన ఏమన్నా వినేవాళ్ళు లేరు. పందులు ముట్టెలతో, ఏనుగులు దంతాలతో పొద్దువాలకముందే కట్ట తవ్వేశాయి. సింహంగారు గట్టున నిలబడి నోర్ముయ్, నోర్ముయ్ అని గొంతు పోయేదాకా అరిచారు. అలా అరిచిన కొద్దీ పనివాళ్ళకు ఉత్సాహం హెచ్చింది. నీళ్ళు దిగువకు పోయాయి.

నీతి: క్షమాపణ చెప్పే ఉద్దేశం లేని రాజు, నోరు మూసుకోమని కూడా ఎవరికీ చెప్పకూడదు.