మా నీళ్ల ఆఫీసుకు వచ్చిన అభినందనలు

మా నీటి సరఫరా కార్యాలయంలో ప్రతిభకు గుర్తింపు లేదని పుకార్లు పుట్టించేవారికి తెలియజేయడమేమనగా, నిరుడు ఒక్క మా కార్యాలయానికే నాలుగు వందల పన్నెండు అభినందనలు వచ్చాయి. అన్నీ ఫైల్లో భద్రంగా ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

మొదటిది పెద్ద గుమాస్తాగారికి వచ్చింది. ఒక మధ్యాహ్నం విధి నిర్వహణ మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకోవడానికి ఆయన పేకాట ప్రోగ్రామొకటి ఉచితంగా కంప్యూటరులోకి దింపుకున్నారు. దింపేటప్పుడు అది ఏవేవో అడిగింది. అడిగినదానికల్లా ఆయన సరే అన్నారు. మర్నాడు బ్రౌజరు తెరవగానే తెరనిండా రంగుకాగితాలు రాలి, "అభినందనలు! లక్షల మందిలో మిమ్మల్నే ఎంపిక చేశాము" అని పెద్దక్షరాలు పడ్డాయి. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయనకు పైనుంచి వచ్చిన కాగితాలన్నీ సంజాయిషీ అడిగినవే. పాపం, కుర్చీలోంచి లేచి నిలబడి చదివారు. కళ్లు తుడుచుకుని, అచ్చు తీయించి, నంబరు వేయించి, సర్వీసు రిజిస్టరులో అంటించుకున్నారు.

ఒకరు తొడ కోసుకుంటే ఇంకొకరు మెడ కోసుకునే ఆఫీసు మాది. వారం తిరక్కుండా అందరం పేకాట దింపుకున్నాము, అందరం లక్షల మందిలో ఎంపికయ్యాము. దాంతోపాటు బ్రౌజరు నెత్తిన ప్రకటనల పట్టీలు ఒకదానిమీద ఒకటి పేరుకుని, ఫిర్యాదు కనిపించే గడి అడుగున వేలెడు మిగిలింది. 'మా వీధిలో మూడు రోజులుగా నీళ్లు రావడం లేదు' అని ఎవరైనా మొరపెట్టుకుంటే 'మా వీధిలో' వరకే కనిపించేది. వీధి ఎక్కడికీ పోలేదు కాబట్టి ఫిర్యాదు పరిష్కరించినట్టు నమోదు చేసేవాళ్లం. నెలాఖరుకు ఫిర్యాదులు సున్నా, అభినందనలు ముప్పై. పై ఆఫీసువారు మా అధికారిగారికి శాలువా కప్పారు. అభినందనలు ఎవరు పంపారని అడగడం మర్యాద కాదని ఊరుకున్నారు.

మచ్చలేని చంద్రుడు ఉండడు కదా. మా మచ్చ ఫిర్యాదుల కౌంటరులో కూర్చునే చదువులమ్మ. ఏ కాగితమైనా చదివిగానీ సంతకం పెట్టదు కాబట్టి ఆమెకు ఆ పేరు పెట్టాము. ఆమె సెలవులో ఉండగా ఎవరో ఆమె కంప్యూటరులోనూ పేకాట దింపి ఆడారు. తిరిగొచ్చి చూసి, ఇది అభినందన కాదు, యాడ్‌వేర్ అనే తెగులు అని ఆమె కంప్యూటరు మెకానిక్కును పిలిపించింది. అతను ప్రోగ్రాముల జాబితాలోంచి పేకాటను తీసేశాడు. రెండు బ్రౌజర్లలోనూ ఆమె పెట్టుకోని ఎక్స్‌టెన్షన్ల తోకలన్నీ కత్తిరించి, మొదటి పేజీని మళ్లీ పాతచోటికి తెచ్చాడు. అరగంట పని. అప్పట్నుంచి ఆమె తెరమీద ప్రతి ఫిర్యాదూ చివరి అక్షరం దాకా కనిపించసాగింది. రోజుకు అరవై రాసి పెద్ద గుమాస్తాగారికి పంపేది. ఆయన వాటిని సామాన్ల గదికి పంపేవారు.

ఇంతలో పర్యవేక్షకుడి కుర్చీ ఖాళీ అయింది. ఏ వీధికి పైపుల మేస్త్రీలను పంపాలో సంతకం పెట్టేది ఆ కుర్చీ. తొమ్మిదేళ్లుగా కిటికీ కంతలోంచి జనం తిట్లు తిన్నదే తప్ప, ఒక్క పైపు బాగుచేయించే అధికారం చదువులమ్మకు లేదు. ఆ కుర్చీ దొరికితే బాగుండునని ఆమె పైకే అనేది. అధికారిగారు సమావేశం పెట్టి, గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, మీ దగ్గర నెలకు పదిహేను వందల ఫిర్యాదులు. పెద్ద గుమాస్తాగారి దగ్గర ఒక్కటీ లేదు. ఎవరు బాగా పనిచేసినట్టు? మీ రిజిస్టరులో అభినందన ఒక్కటన్నా ఉందా? గుణం లేనిదే లోకం ఊరికే మెచ్చుకుంటుందా?"

అందరం చప్పట్లు కొట్టాము. నేనూ కొట్టాను.

ఆమె ఆ రోజే మెకానిక్కును పిలిచి, తీసేసిన తెగులు మళ్లీ పెట్టమంది. "తీయడానికి నేను కావాలిగానీ, తెచ్చుకోవడానికి నేనెందుకు మేడమ్? ఏదడిగినా చదవకుండా సరే అనండి, అదే వస్తుంది" అన్నాడతను. చదువులమ్మ సాయంత్రం దాకా ప్రయత్నించింది. ఆ పేకాట వెనక పద్నాలుగు పేజీల షరతులున్నాయి. అన్నీ చదివింది. వేలు ముందుకు పడలేదు. కళ్లు మూసుకుని నొక్కేయమని చెప్పాను. "చదివేశానుగా, ఇప్పుడు మూసుకుంటే ఏం లాభమండీ" అంది. నాకు నిజంగానే జాలేసింది.

తర్వాతి వారం పై ఆఫీసునుంచి రెండు నమూనా కాగితాలు వచ్చాయి. కుర్చీ కావలసినవారు ఒకదానిమీద, స్వచ్ఛందంగా వదులుకునేవారు రెండోదానిమీద సంతకం చేయాలి. కుర్చీ తనదేనన్న ధీమాతో పెద్ద గుమాస్తాగారు పైన ఏది ఉంటే దానిమీద పెట్టేశారు. అంత పెద్దాయన సంతకం కింద ఇంక చదవడానికేముంది? అర్హులైన మిగతా పదిమందిమీ కింద పెట్టాము. చదువులమ్మ దాన్ని చదివి, ఇది కుర్చీ వద్దని రాసే కాగితమని అందరికీ వినబడేలా చెప్పింది. "పై ఆఫీసు కాగితాన్ని అనుమానించకూడదమ్మా" అని పెద్ద గుమాస్తాగారు మందలించారు. ఆమె అడుగునున్న, కుర్చీ కావాలనే కాగితం తీసి, ఒక్కతే సంతకం చేసింది.

ఉత్తర్వు వచ్చింది. కుర్చీ ఆమెది. మా పదకొండుమంది త్యాగాన్ని పై ఆఫీసు అభినందించింది. మాకు వచ్చిన అసలు అభినందన అదొక్కటే. పెద్ద గుమాస్తాగారు దాన్నీ అంటించుకున్నారు.

కొత్త పర్యవేక్షకురాలు మొదటిరోజే మా బ్రౌజర్లన్నీ శుభ్రం చేయించింది. ఫిర్యాదులు పూర్తిగా కనిపించసాగాయి, మేస్త్రీలు వీధుల్లోకి వెళ్లారు. సున్నా ఉన్న ఫిర్యాదులు వేలకు వేలు ఎలా అయ్యాయని పై ఆఫీసు సంజాయిషీ అడిగింది. అది చాలదన్నట్టు ఆమె ప్రతి ఫైలూ చదువుతోంది.

సహనానికి హద్దుంటుంది. నిన్న పెద్ద గుమాస్తాగారు అందరి సంతకాలతో పై ఆఫీసుకు పంపడానికి ఒక మహజరు తయారుచేసి బల్లబల్లకూ తిప్పారు. రెండేళ్లుగా ఎండిన మా ఇంటి కుళాయికి ఈ వారమే నీళ్లొచ్చాయి, అది ఆమె చలవే. అయినా అందరితోపాటు నేనూ సంతకం పెట్టాను. అందులో ఏం రాసుందని మాత్రం నన్నడగకండి. మొన్న మీ ఫోనులో 'అంగీకరిస్తున్నాను' అని నొక్కినప్పుడు మిమ్మల్ని నేనడిగానా?