లోపలి రైతు, బయటి రైతు

మనిషి ఎవరన్నది ముఖ్యం కాదు, ఎక్కడి నుంచి వచ్చాడన్నదే ముఖ్యం. ఈ మహాసూత్రాన్ని ఎల్లారెడ్డి ఊరి ఎరువుల సర్దుబాటు సంఘం వెబ్‌సైటులో అమలు చేసిన ఘనత నాది. (సంఘంలో కంప్యూటర్ తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. తెలుసని చెప్పిందీ నేనే.)

రూలు సులువు. మా ఆఫీసు ఇంటర్నెట్ నుంచి యూరియా టోకెన్ అడిగితే లాగిన్ అక్కర్లేదు. బయటి నుంచైతే పాస్‌వర్డ్ కొట్టాలి. చిక్కల్లా, ఎవరు వచ్చినా కామారెడ్డిలోని పెద్ద సర్వర్ మీదుగానే రావాలి కాబట్టి అందరూ కామారెడ్డివాళ్లలాగే కనబడతారు. అసలు ఎక్కడ బయల్దేరారో తెలిపే ఐపీ అడ్రస్ చీటీలా వెంట వస్తుంది. ఆ చీటీ ఎవరికి వారు రాసుకోవచ్చు కూడా. అయినా 'పెద్దసారు పంపిండు' అంటూ వచ్చినవాడికి మనం కుర్చీ వేస్తామే గానీ పెద్దసారుకు ఫోన్ చేసి అడుగుతామా? నేనూ అడగలేదు. మర్యాద.

యూరియా లారీ వచ్చిన రోజున కామారెడ్డి వ్యాపారి భీమేష్ తన దుకాణంలోనే కూర్చుని, చీటీ మీద మా ఆఫీసు ఐపీ అడ్రస్ రాసుకున్నాడు. వెబ్‌సైటు తలుపులు బార్లా తెరిచింది; అతను ఒక్కో రైతు పేరు కొట్టి టోకెన్లు లాగసాగాడు.

అదే సమయానికి మా ఊరి రైతు ఈరవ్వ నా టేబుల్ ముందు తన ఫోన్ పట్టుకుని నిలబడింది. ఫోన్‌లో ఉన్నది ఆమె సొంత సిమ్ము, మా ఆఫీసు ఇంటర్నెట్ కాదు.

"అవ్వా, నువ్వు బయటున్నవని చూపెడుతుంది. పాస్‌వర్డ్ కొట్టాలె."

"బయటెక్కడున్న కొడుకా? నీ ముందట్నే నిలవడ్డ గద."

"నాకు కనవడుతున్నవ్. సర్వర్‌కు కనవడుతలేవు."

"నాకు పాస్‌వర్డ్ ఎవలిచ్చిండ్రు? వరి ఎర్రవడ్డది. ఇయ్యాల యూరియా దొరకకుంటే పంట పోతది."

ఆఫీసు వైఫై కలిపితే ఆమె క్షణంలో లోపలి మనిషి అయ్యేది. కానీ భద్రత దృష్ట్యా వైఫై పాస్‌వర్డ్ రైతులకు చెప్పరాదని ఇంకో రూలుంది. (అదీ నేను రాసిందే.) దాంతో మా ఆఫీసుకు వచ్చిన రైతెవరూ ఇంతవరకు ఆఫీసులో ఉన్నట్టు లెక్కకు రాలేదు. నిజం చెప్పాలంటే నాకు సిగ్గేసింది. రూలు మార్చాలంటే పై అనుమతి కావాలి, సిగ్గుపడటానికి అక్కర్లేదు.

ఇంతలో టోకెన్లు అయిపోయాయి.

"గట్లనా కొడుకా," అని ఈరవ్వ ఫోన్ కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం పైవాళ్లకు రిపోర్టు పంపాను. యూరియా మొత్తం ఆఫీసుకు స్వయంగా విచ్చేసిన రైతులకే అందింది. బయటి నుంచి చొరబడబోయిన ఒకే ఒక వ్యక్తిని వెబ్‌సైటు సమర్థంగా అడ్డుకుంది. పేరు ఈరవ్వ, ఊరు ఎల్లారెడ్డి.