తూర్పు గీతకు నాలుగంగుళాలు

బంతి లోపలే పడింది. బయట పడిందన్నవాడు అబద్ధాలకోరు. ఇందులో చర్చించడానికి ఏమీ లేదు.

ఆ అబద్ధాలకోరు పళ్ళ డాక్టరు. ఆదివారం సాయంత్రం, క్లబ్బులో అరవై దాటినవాళ్ల టెన్నిస్ సెమీఫైనల్లో, ఆఖరి పాయింటు దగ్గర, రిటైరైన సర్వేయరు కొట్టిన బంతి డాక్టరు తల మీదుగా పోయి తూర్పు వైపు వెనక గీత దగ్గర పడింది. డాక్టరు వెళ్లి వంగి చూశాడు. పన్ను పీకే ముందు నవ్వే నవ్వొకటి నవ్వి, "రెండంగుళాలు బయటండీ, సారీ" అన్నాడు. ఆ క్లబ్బులో ఎవరి వైపు గీతను వాళ్లే చూసుకోవాలి, ఎదుటివాడి మాట నమ్మాలి. అది పెద్దమనుషుల పద్ధతి అని నియమావళిలో రాసి ఉంది. రాసినవాడు పళ్ళ డాక్టరుతో ఎప్పుడూ ఆడి ఉండడు.

సర్వేయరు ముప్పై నాలుగేళ్లు పొలాలు కొలిచాడు. గట్టు తగాదాల్లో అన్నా తిట్టాడు, తమ్ముడూ తిట్టాడు, కొలత తప్పని మాత్రం ఇద్దరూ అనలేదు. భార్య పోయి మూడేళ్లయింది. ఆమె ఈ క్లబ్బులో పదిహేనేళ్లు ఆడింది. ఆమె పోయేనాటికి సభ్యత్వం గడువు ఇంకా మిగిలి ఉంది. వృథాగా పోనివ్వడం ఇష్టం లేక అతను రావడం మొదలుపెట్టాడు. ఇంట్లో గోడలు మాట్లాడవు, ఇక్కడ మనుషులు మాట్లాడి అబద్ధాలాడతారు. రెండింట్లో ఏది నయమో అతనికింకా తేలలేదు.

ఫైనల్ సోమవారం సాయంత్రం అయిదింటికి. సోమవారం పొద్దున అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి వెళ్లి కోర్టు కొలవాలి. తేడా ఉంటే కార్యదర్శికి చూపించి, ఫైనల్ లోగా సెమీఫైనల్ మళ్లీ ఆడించాలి. ఏడున్నరకల్లా ఇంటికొచ్చి పాలు కాచుకోవాలి.

అలవాటు చొప్పున స్టీలు టేపుతో పాటు నాలుగు కొయ్యలు, ఎర్రగుడ్డ ముక్కలు కూడా పట్టుకెళ్లాడు. జెండా పాతకుండా కొలవడం అతనికి చేతకాదు. నాలుగు మూలలా కొయ్యలు దిగ్గొట్టి, నెట్ దగ్గర నుంచి టేపు లాగాడు. పడమర వైపు ముప్పై తొమ్మిది అడుగులు, వెంట్రుకవాసి తేడా లేదు. తూర్పు వైపు ముప్పై ఎనిమిది అడుగుల ఎనిమిది అంగుళాలు. మళ్లీ కొలిచాడు. మూడోసారీ కొలిచాడు. నాలుగంగుళాలు తక్కువ. అంటే గీతే లోపలికి జరిగి కూర్చుంది. అసలు గీత ఉండాల్సిన చోట ఉండి ఉంటే, అతని బంతి రెండంగుళాలు లోపల పడ్డట్టే. మూడేళ్లలో అతనికి నచ్చిన మొదటి సంగతి ఇది.

అప్పుడే మైదానం చుట్టూ నడకకు వచ్చిన పంతులమ్మ కంచె దగ్గర ఆగింది. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. కనిపించిన ప్రతిదాని కడుపు కోసి చూడనిదే ఆవిడకు నిద్ర పట్టదు.

"ఏం కొలుస్తున్నారండీ?"

"తేడా ఉంది."

"దేంట్లో?"

"హద్దులో."

"ఎవరి పనంటారు?"

"సాయంత్రంలోగా తేలుతుంది."

ఉన్న మాటే చెప్పాడు. అంతకన్నా ఎక్కువ చెప్పడం అతని వల్ల కాదు. పంతులమ్మ ఎర్రజెండాల వంక, టేపు వంక, అతని వంక చూసి నడిచిపోయింది. వెనక నుంచి వచ్చి ఏమిటని అడిగినవాళ్లకు, "సర్వేయరు గారు హద్దు కొలుస్తున్నారు, తేడా ఉందిట" అని మాత్రం చెప్పింది.

ఆ మాట షటిల్ ఆడేవాళ్లను చేరేసరికి అది క్లబ్బు హద్దయింది. క్యారమ్స్ గదిని చేరేసరికి మైదానంలోంచి రోడ్డు పోతోంది. ఫోన్లో కార్యదర్శిని చేరేసరికి గోడలు పడగొట్టే యంత్రాలు బయల్దేరాయి.

కార్యదర్శి ఒక చెంప గీసుకుని, రెండో చెంప మీద నురగ అలాగే ఉండగా స్కూటరెక్కి వచ్చేశాడు.

"సర్వేయరు గారూ! మీరు మా సభ్యులై ఉండి, మీ చేత్తోనే మా నెత్తిన జెండా పాతుతారా?"

"నెత్తిన కాదు. మూలన."

"మిమ్మల్నెవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు. నేనే వచ్చా."

"విన్నారా! పైనుంచి కాయితం ముక్క కూడా లేదట! ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా?"

షటిల్ వాళ్లు పదిమంది వచ్చి కోర్టులో బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. "ప్రాణం పోయినా లేవం" అన్నాడు వాళ్లలో లావుపాటివాడు. తర్వాత మట్టి తడిగా ఉందని లేచి, తువ్వాలు పరుచుకుని మళ్లీ కూర్చున్నాడు.

"గీత మీద కూర్చోకండి" అన్నాడు సర్వేయరు.

అది వినగానే అందరూ జరిగి సరిగ్గా గీత మీద కూర్చున్నారు. సున్నం వాళ్ల లాగులకు అంటుకుంది. సర్వేయరు కళ్లముందే అతని సాక్ష్యం పదిమంది పిరుదులకు పంపకమైపోయింది.

ఈలోగా క్లబ్బు వెనక గోడ అవతల దుకాణం ఉన్న వడ్రంగి చేతులు కట్టుకుని వచ్చాడు. ముఖాన నెత్తురు చుక్క లేదు.

"అయ్యా, నేనే ఒప్పుకుంటున్నా. షెడ్డు వేసేటప్పుడు గుంజలు రెండడుగులు ఇటు జరిగిన మాట నిజమే. ఇవాళే పీకేస్తా. కేసుల దాకా పోనివ్వకండి, పిల్లలు గలవాణ్ణి."

అతన్నెవరూ అడగలేదు. ఆ రెండడుగుల సంగతి క్లబ్బులో ఎవరికీ తెలియదు. వెంటనే కార్యదర్శి, "అయితే మీరు కొలిచింది మన కోసమా!" అంటూ సర్వేయరును కౌగిలించుకున్నాడు. నురగంతా సర్వేయరు చొక్కాకయింది. కూర్చున్నవాళ్లు కూర్చునే చప్పట్లు కొట్టారు.

"నేను కొలిచింది టెన్నిస్ కోర్టు" అన్నాడు సర్వేయరు. "తూర్పు వైపు నాలుగంగుళాలు తక్కువుంది. నిన్నటి నా బంతి లోపల పడింది. సెమీఫైనల్ మళ్లీ ఆడించండి."

చప్పట్లు ఆగిపోయాయి. యంత్రాలు వస్తాయని పరిగెత్తుకొచ్చినవాళ్లకు ఇది మరీ చప్పగా ఉంది. వాళ్ల వెనకే వచ్చిన పళ్ళ డాక్టరు మాత్రం ముందుకొచ్చాడు.

"సార్, గీత నేను గియ్యలేదు కదా. ఉన్న గీతకి బయట పడింది, బయటన్నాను. గీతే తప్పయితే మళ్లీ ఆడతా, నాకేం అభ్యంతరం లేదు."

అది న్యాయమైన మాట. అందుకే సర్వేయరుకు ఇంకా ఒళ్లు మండింది.

"అసలు తక్కువెందుకుంది?" అని ఎవరో అన్నారు. ఆ ప్రశ్నతో జనం మళ్లీ ప్రాణం పోసుకున్నారు. ఇరవై ఏళ్లుగా కోర్టు చూసుకునే ముసలాయన్ని పిలిచారు. రోజూ సున్నంతో గీతలు వేస్తాడు కనక అతన్ని అందరూ సున్నం తాత అంటారు.

"నేను కొలిచి గియ్యను బాబూ" అన్నాడు తాత. "మూలల్లో మట్టి కింద మేకులున్నాయి. మేకుకీ మేకుకీ తాడు కట్టి గీస్తా. మేకెక్కడుంటే గీత అక్కడ."

మట్టి గోకారు. తుప్పు పట్టిన మేకు బయటపడింది. దానికి సరిగ్గా నాలుగంగుళాల అవతల, గుండ్రటి సన్నటి కన్నం ఒకటి కనబడింది. మేకు తనంతట తాను నడవదు. ముప్పైమంది తలలు ఆ కన్నం చుట్టూ గుమిగూడాయి. "జరగండి, నన్ను చూడనివ్వండి" అని వెనకున్నవాళ్లు ముందున్నవాళ్ల వీపులు పొడిచారు. గంట కిందట ప్రాణాలిస్తామన్నవాళ్లంతా ఇప్పుడు మోకాళ్ల మీద కూర్చుని కన్నంలోకి ఊదుతున్నారు.

"ఎవడో కావాలనే జరిపాడు!" అన్నాడు కార్యదర్శి. "దొరికితే ఏం చేద్దాం?"

"హాల్లో విజేతల బోర్డు మీద పేరుంటే చెరిపెయ్యాలి" అన్నాడు సర్వేయరు. "ఎవరైనా సరే. ఎన్నేళ్ల కిందటి మాటైనా సరే. నా సర్వీసులో హద్దురాయి కదిపినవాణ్ణి ఒక్కణ్ణి కూడా వదల్లేదు."

అందరూ చేతులెత్తారు. పంతులమ్మ ఎత్తలేదు. "ముందు తేలనివ్వండి" అంది.

సున్నం తాత సర్వేయరు చొక్కా చేతిని లాగాడు. "బాబూ, సున్నం బస్తా చూద్దురుగాని, ఓసారి గదిలోకి రండి."

"సున్నంతో నాకేం పని?"

"రండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

గదిలోకి వెళ్లాక తాత తలుపు దగ్గరగా వేశాడు.

"ఆ మేకు జరపమన్నది అమ్మగారు బాబూ."

"ఏ అమ్మగారు?"

తాత నేలకేసి చూశాడు. "మీ ఇంటావిడ."

సర్వేయరు చేతిలోని టేపు చుట్టసాగాడు.

"'మోకాళ్లు అరిగిపోయాయి తాతా, వెనక్కి పరిగెత్తలేకపోతున్నా, నా వైపు నాలుగంగుళాలు తగ్గించు' అంది. ఎలా కాదంటాను? నాలుగెకరాలు అడిగిందా?"

"ఎప్పుడూ తూర్పు వైపే ఆడేదా?"

"ఎప్పుడూనూ. సాయంత్రం పూట ఎదురెండ కొట్టేది అటే కదా. 'ఎండలో మీరెందుకమ్మా, అటు నేనుంటాలే, పక్కలు మారొద్దు' అనేది. ఎంత పెద్ద మనసో అని ఆడవాళ్లంతా మురిసిపోయేవాళ్లు."

"మూడు కప్పులు గెలిచింది."

"మూడూ పంతులమ్మ గారి మీదే బాబూ."

"నాకెందుకు చెప్పలేదు?"

తాత గొంతు తగ్గించాడు. "'మా ఆయనకి తెలిస్తే టేపు పట్టుకొస్తాడు తాతా, ఆయన్ని మాత్రం ఇటు రానివ్వకూడదు' అనేది. 'ఆయనకి గీతలు కనబడతాయి గానీ మనుషులు కనబడరు' అనేది. నవ్వుతూనే అనేది లెండి."

పదిహేనేళ్లలో ఆమె అతన్ని ఒక్కసారి కూడా క్లబ్బుకు రమ్మనలేదు. అతను దానికి వేరే కారణాలు ఊహించుకున్నాడు. ఆమె పోయాక కూడా ఆ ఒక్కటీ క్షమించలేదు. ఇప్పుడు కారణం తెలిసింది. ఊహించుకున్నవాటిలో ఏదీ ఇంత చిన్నది కాదు.

బయట ముప్పైమంది ఎదురుచూస్తున్నారు. ఉన్నది ఉన్నట్టు చెబితే సాయంత్రంలోగా సెమీఫైనల్ మళ్లీ ఆడొచ్చు. డాక్టరును ఓడించగలడు, అందులో అనుమానం లేదు. ఆ వెంటనే ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని బోర్డు మీద ఆమె పేరు మూడుచోట్ల గీకేస్తారు. అలా గీకాలని తీర్మానం పెట్టించింది తనే. సున్నం ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత బయటికొచ్చాడు.

"కొలత తప్పింది" అన్నాడు.

"ఎవరిది?" అన్నాడు కార్యదర్శి.

"నాదే. కోర్టు సరిగ్గానే ఉంది."

ముప్పై నాలుగేళ్లలో ఆ నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు. ఈలోగా షెడ్డు దగ్గరికి వెళ్లొచ్చిన వడ్రంగి వెంటనే ముందుకొచ్చాడు. "అయ్యా, అయితే నా షెడ్డు? సగం పీకేశాను."

"మిగతా సగం కూడా పీకు."

"మీ టేపు తప్పన్నారుగా?"

"టేపు ఒప్పే. మనిషి తప్పు. నీ షెడ్డు నేను కొలవలేదు, నువ్వే కొలిచి చెప్పావు."

"మరి ఈ కన్నం?" అంది పంతులమ్మ.

"వానపాముది."

"ఇంత గుండ్రంగానా? నేను ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పానండీ."

"అయితే మీకు తెలిసే ఉండాలి."

పంతులమ్మ అతని ముఖంలోకి చూసి, "తెలుసు" అంది. "వానపామే."

ఇక డాక్టరు మిగిలాడు. సర్వేయరు వెళ్లి అతని ఎదురుగా నిలబడ్డాడు. "బంతి బయటే పడింది. మిమ్మల్ని అనుమానించాను. నాది తప్పు" అన్నాడు. ఉన్న పళ్ళన్నీ ఒకేసారి, మత్తుసూది లేకుండా పీకించుకున్నట్టయింది. డాక్టరు అతని భుజం తట్టాడు. ఆ భుజం తట్టడం దానికన్నా ఎక్కువ నొప్పి పెట్టింది.

"అయితే యంత్రాలు రావా?" అన్నాడు తువ్వాలు దులుపుకుంటూ లావుపాటివాడు. రావని తెలిసి అందరూ కాస్త నిరాశగానే ఇళ్లకు వెళ్లారు.

సర్వేయరు జెండాలు పీక్కుని గేటు దాటుతుండగా పంతులమ్మ పక్కకు వచ్చింది.

"నేను మొదటి ఫైనల్ ఓడిన మర్నాడే తాడు తెచ్చి కొలిచానండీ" అంది. "నాలుగంగుళాలు."

సర్వేయరు ఆగిపోయాడు. "తెలిసి కూడా ఇంకో రెండేళ్లు ఓడిపోయారా?"

"మీ ఆవిడ మోకాళ్లు మీరెప్పుడైనా చూశారా? ఆ నాలుగంగుళాలు లేకపోతే ఆట మానేసేది. ఆవిడ మానేస్తే నేనెవరితో ఆడను? ఇక్కడ మిగతావాళ్లకి మాటలే గానీ ఆట రాదు."

"ఆ ముక్క పొద్దున్నే నాతో అంటే ఈ గోలంతా ఉండేది కాదు. అందరి ముందూ నా పరువు నేనే తీసుకున్నాను."

"అందామనే అనుకున్నా. తీరా మీరేం చేస్తారో చూద్దామనిపించింది" అంది పంతులమ్మ. "ముప్పై ఏళ్లూ కప్పల్ని కోసి చూపించడమే సరిపోయింది. మనిషి లోపల ఏముందో చూసే అవకాశం ఎప్పుడోగానీ రాదు కదండీ." నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "ఇంతకీ ఆ మేకు పాత చోటికి జరిపించమంటారా?"

"ఏ మేకు?"

"అదేనండీ, తూర్పు వైపు..."

"ఈ ఊసు నా దగ్గర ఇంకోసారి ఎత్తకండి" అని సర్వేయరు ఇంటిదారి పట్టాడు.

ఆవిడ ఎత్తలేదు. మిగతావాళ్లు ఆనాటి కొలత సంగతి ఎత్తుతూనే ఉన్నారు గానీ, అతను పలకలేదు, పలకడు.