జారుడు క్వార్టర్లు

ఒక పెద్ద అడవిలో, ఏటికి ఇవతలి గట్టున, ఒక సైన్యం ఉండేది. అవతలి అడవి ఎప్పుడు మీద పడుతుందోనన్న భయంతో అది రోజూ పొద్దున్నే కవాతు చేసేది. అవతలి అడవి సైన్యం కూడా అదే భయంతో అదే పని చేసేది. ఇలా ఒకరి పుణ్యాన ఒకరు ఉద్యోగాలు నిలబెట్టుకుంటూ ఇద్దరూ చల్లగా ఉన్నారు.

సైనికుల్లో ఎక్కువమంది రేచుకుక్కలు. వాళ్ళ పెళ్ళాం పిల్లల కోసం గట్టున నలభై క్వార్టర్లు తవ్వించారు. దళపతి ఒక అడవిదున్న, పేరు దండాయుధం. ఆయన పక్కన ఎప్పుడూ ఒక తొండ ఉండేది. ఆయన ఏం చెప్పినా తల ఆడించడం దాని ఉద్యోగం. ఆ ఉద్యోగానికి తొండ కంటే అర్హులెవరుంటారు?

ఒక ఏడాది అవతలి సైన్యం వాళ్ళు ఇళ్ళలో దెబ్బలు తినే భార్యల గోడు వినడానికి ఒక ఉద్యోగిని పెట్టారని కబురొచ్చింది. వాళ్ళకున్నది మనకు లేకపోతే పరువేం కావాలని దండాయుధంగారు కూడా ఒక పోస్టు పుట్టించారు. దానికి ‘కుటుంబ సహాయకురాలు’ అని పేరు పెట్టి, కూర్చోవడానికి ఒక చెట్టుతొర్ర ఇచ్చారు. ఆ తొర్రకు దారి మాత్రం దళపతి కార్యాలయం గుమ్మం ముందు నుంచే. పోస్టులో నూకరత్నం అనే ముళ్ళపందిని వేశారు. ఒళ్ళంతా ముళ్ళున్నదాని దగ్గరికి ఎవరు పోతారులే అని వాళ్ళ ధీమా.

పోయారు. నూకరత్నానికి ముళ్ళు ఒంటి మీదే గాని మాటలో లేవు. పైగా ఆమెకు ఇంకెవరికీ లేని ఒక పిచ్చి ఉంది, సైనిక నిబంధనావళి చదవడం. నూట అరవై అధ్యాయాల ఆ గ్రంథం మీద చెయ్యి పెట్టి సైన్యమంతా ప్రమాణం చేసేది, తెరిచి చూసినవాడు మాత్రం లేడు. నూకరత్నం మధ్యాహ్నం పూట వేరుశనక్కాయలు నములుతూ దాన్ని వారపత్రికలో సీరియల్ చదివినట్టు చదివేది.

మొదట వచ్చింది మంగతాయి. హవల్దారు భీమశంకరం భార్య. ఏటి పోరులో శత్రువుల తెప్పను ఒక్కడే ముంచి పతకం కొట్టినవాడు భీమశంకరం. అడవంతా అతన్ని వీరుడంటుంది. చిక్కేమిటంటే ఇంటికొచ్చాక కూడా ఆ వీరత్వం దిగేది కాదు. మంగతాయి ఒక చెవి చీలిపోయి ఉంది, ముందుకాలు కుంటుతోంది.

ఫిర్యాదు రాయమంటావా అని నూకరత్నం అడిగింది.

"రాస్తే అతన్ని ఉద్యోగంలోంచి తీసేస్తారు. తీసేస్తే క్వార్టరు పోతుంది, రేషను పోతుంది. నలుగురు పిల్లల్ని నోట కరుచుకుని ఎక్కడికి పోను అక్కా? రాయకపోతే ఈ దెబ్బలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"మరి నీకేం కావాలో చెప్పు."

ఆ మాట మంగతాయిని ఇంతవరకు ఎవరూ అడగలేదు. "ఇల్లుండాలి. ఇంట్లో అతను ఉండకూడదు," అంది.

అలాంటి ఏర్పాటు సైన్యంలో లేదు. నూకరత్నానికి ఒళ్ళు మండిపోయి ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి. ఆ ఊపులోనే దళపతి దగ్గరికి నడిచింది. దళపతి తీరిగ్గా విని, ఆడవాళ్ళ విషయం ఆడవాళ్ళే చూసుకోవాలని తన భార్య వైదేహమ్మను పురమాయించాడు. ఆవిడ సైనిక భార్యల సంఘానికి అధ్యక్షురాలు. మంగతాయి ఇంటికి ఒక జాడీ మామిడికాయ పచ్చడి పట్టుకెళ్ళి, దేశసేవలో అలిసిపోయి వచ్చే మగవాడితో మనమే సర్దుకుపోవాలమ్మా అని గబగబా ఒప్పజెప్పి వచ్చేసింది.

అంతలో ఏటా జరిగే తనిఖీ దగ్గర పడింది. కుటుంబాల నుంచి ఒక్క ఫిర్యాదూ లేని దళానికి ఈసారి నెమలీకల జెండా ఇస్తారట. దండాయుధంగారికి ఆ జెండా మీద మనసైంది. నూకరత్నాన్ని పిలిపించాడు.

"తనిఖీనాటికి ఒక్క ఫిర్యాదు కూడా ఉండకూడదు."

"కొట్టడం ఆపిస్తారన్నమాట, అయ్యగారూ."

"నేను ఫిర్యాదుల గురించి చెబుతుంటే నువ్వు కొట్టడం గురించి మాట్లాడతావేం?"

తొండ తల ఆడించింది. ఉపాయం కూడా దళపతిగారే చెప్పాడు. ఇక మీదట ఏ భార్యకు దెబ్బ తగిలినా ‘ఇంట్లో నేల జారి పడింది’ అని రాయాలి. పాత దెబ్బలన్నీ కూడా అలాగే తిరగరాయాలి. మూడేసి ప్రతులు, ఒకటి కార్యాలయానికి, ఒకటి వైద్యశాలకు, ఒకటి పై పరిషత్తుకు. ప్రతి కాగితం మీదా మొగుడు సంతకం చెయ్యాలి, కింద దళపతి ముద్ర పడాలి. మొగుళ్ళు పరుగు పరుగున వచ్చి సంతకాలు చేశారు. భీమశంకరం పదిహేను కాగితాల మీద చేశాడు, ఆ ఏడాది మంగతాయి ఐదుసార్లు ‘జారింది’ మరి.

ఆ మధ్యాహ్నం నూకరత్నం రాజీనామా చేద్దామనుకుంది. చేసేముందు, రాజీనామా ఎలా రాయాలో చూద్దామని నిబంధనావళి తెరిచింది. రాజీనామా అధ్యాయం కోసం పేజీలు తిప్పుతుంటే తొంభై ఏడో అధ్యాయం తగిలింది. ఎప్పుడో వరదల కాలంలో రాసింది. దాని సారాంశం ఇది. సైనికుడి శరీరం అడవి సొత్తు. కాబట్టి ఒక ఇంట్లో ఏడాదిలో మూడుసార్లు ఎవరైనా జారిపడితే ఆ ఇల్లు ప్రమాదస్థలం. అక్కడున్న సైనికుణ్ణి ఆ పూటే గుడారానికి తరలించాలి. నేల బాగైందని ఇంట్లో మిగిలినవాళ్ళు సంతకం చేసేదాకా అతను ఆ గడప తొక్కకూడదు. ఆఖర్న చిన్న అక్షరాలతో ఇంకో ముక్క ఉంది. భార్యాబిడ్డలు అడవి సొత్తు కాదు గనక వాళ్ళను తరలించనక్కర్లేదు.

నూకరత్నం రెండుసార్లు చదివింది. మూడోసారి పైకి చదివింది. తర్వాత పడీ పడీ నవ్వింది. ఆ నవ్వుకి రాలిన ముళ్ళు ఏరడానికి సాయంత్రం దాకా పట్టింది. చీకటి పడకముందే భీమశంకరం కాగితాలకు ఆ అధ్యాయం నకలు జతచేసి గుడారాల విభాగానికి పంపించింది.

మర్నాడు పొద్దున్నే గుడారాల విభాగం వాళ్ళు వచ్చి భీమశంకరం పక్క చుట్టేశారు. వాళ్ళు ఎలుగుబంట్లు. ఆజ్ఞ చేతికొస్తే ఎందుకని అడిగే అలవాటు వాళ్ళకు లేదు.

"నా ఇల్లు జారదు," అన్నాడు భీమశంకరం.

"ఐదుసార్లు జారిందని మీరే రాశారు కదా హవల్దారుగారూ."

"అది నేల జారి కాదు..." అని మొదలుపెట్టి భీమశంకరం నోరు మూసుకున్నాడు. మిగతా మాట చెబితే పతకం పోతుంది. అబద్ధం రాశానంటే కొలువు పోతుంది. వీరుడు తోక ముడుచుకుని బురదపల్లంలోని గుడారానికి నడిచాడు. ఆ మధ్యాహ్నం మంగతాయి ఇంట్లో నలుగురు పిల్లలూ నడి ఇంట్లో అడ్డదిడ్డంగా పడుకుని నిద్రపోయారు. మంగతాయి కూడా నిద్రపోయింది.

కబురు నలభై క్వార్టర్లకూ పాకింది. వారం తిరిగేసరికి ఇరవై మూడు పక్కలు చుట్టారు. ఆపుదామంటే ఆ కాగితాల కింద ఉన్నవి దండాయుధంగారి సొంత ముద్రలే. బురదపల్లం వీరులతో కిటకిటలాడింది. ఎవరి తిండి వాళ్ళే వండుకోవాల్సి వచ్చి పతకాలున్నవాళ్ళంతా మాడిన దుంపలు తిన్నారు. తట్టి లేపేవాళ్ళు లేక కవాతుకు సగం సైన్యం ఆలస్యంగా వచ్చింది. అవతలి గట్టు వాళ్ళు ఇదేదో కొత్త యుద్ధతంత్రమని బెంగపడి తమ గట్టున కూడా నాలుగు గుడారాలు వేసుకున్నారట.

తనిఖీ రోజు రానే వచ్చింది. వచ్చినవాడు పరిషత్తు తాబేలు. మిగతా అధికారులైతే విందు తిని దండ వేయించుకుని పోతారు. ఈయన ప్రతి కాగితం మొదటి అక్షరం నుంచి చదువుతాడు. ఇరవై మూడు ఇళ్ళ కాగితాలు చదివి తల పైకెత్తాడు.

"ఈ గట్టున వాన పడి ఎన్నాళ్ళైంది?"

మూడు నెలలైందని దళపతి చెప్పాడు. తాబేలు మంగతాయి ఇంట్లోకి వెళ్ళి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచాడు. నడిచేసరికి భోజనాల వేళైంది. ఎక్కడా జారలేదు.

"నేను పడలేదే. దళపతిగారూ, నేల జారుతుందా, లేక ఈ మూడు ప్రతుల మీదా మీ ముద్ర అబద్ధమా? అబద్ధమైతే మరి ఈ అమ్మాయి చెవి ఎలా చీలింది?"

దండాయుధంగారు అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. మంగతాయి వంక చూశాడు. ఆమె తల దించుకోలేదు. నూకరత్నం వంక చూశాడు. ఆమె భయం వేరు. ఆయన ఇప్పుడు నిజం ఒప్పుకుంటే భీమశంకరం ఉద్యోగం పోతుంది, దాని వెనకే మంగతాయి ఇల్లూ పోతుంది.

"జారుతుందండీ. ఘోరంగా జారుతుంది," అని దళపతి లోపలికి అడుగుపెట్టి, ఎండిన నేల మీద నాలుగు కాళ్ళూ చాపి దభీమని పడ్డాడు. ఇంటి కప్పు నుంచి మట్టి రాలింది. తొండ తల ఆడించి తనూ వెల్లకిలా పడింది. దళపతి పడ్డాక నిలబడటం క్రమశిక్షణ కాదు గనక ఇరవై ముగ్గురు వీరులూ వరస తప్పకుండా లోపలికొచ్చి ఒకరి మీద ఒకరు జారిపడ్డారు. అందరికంటే అడుగున పడ్డవాడు భీమశంకరం. పిల్లలకు ఇంత మంచి ఆట ఎప్పుడూ దొరకలేదు, ఇంకోసారి పడమని అడిగారు.

తాబేలు ముఖంలో నవ్వు లేదు. ఆయన కళ్ళు మాత్రం మంగతాయి చెవి మీదే ఉన్నాయి. కలం తీసి, నేల అత్యంత ప్రమాదకరమని, ఇంట్లో మిగిలినవాళ్ళు సంతకం చేసేదాకా సైనికులెవరూ ఇటు రాకూడదని రాశాడు. నేల ఎప్పటికి బాగవుతుందమ్మా అని మంగతాయిని అడిగాడు.

"ఈ నేల సంగతి తమకు తెలియనిదేముందండీ. ఏళ్ళు పట్టొచ్చు," అంది మంగతాయి.

ఫిర్యాదులు ఒక్కటీ లేవు కాబట్టి నెమలీకల జెండా దండాయుధంగారికే దక్కింది. న్యాయం జరిగిందా అంటే లేదు. ఒక్కడికీ శిక్ష పడలేదు, ఒక్క పతకమూ ఊడలేదు. ఆ సంగతి నూకరత్నాన్ని ముల్లులా గుచ్చుతూనే ఉంది. అయినా ఇరవై మూడు ఇళ్ళు ప్రశాంతంగా ఉన్నాయని తలుచుకున్నప్పుడల్లా ఆమెకు కిసుక్కున నవ్వొచ్చేది.

జెండా ఎగరేసిన మర్నాడు తొర్ర దగ్గరికి వైదేహమ్మ వచ్చింది. చేతిలో పచ్చడి జాడీ లేదు. సంఘం పనేమైనా ఉందేమోనని నూకరత్నం లేచి నిలబడింది. ఆవిడ దళపతి కార్యాలయం గుమ్మం వైపు ఒకసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"దళపతి బంగళాలో నేల జారితే, దానికి కూడా మూడు కాగితాలేనా?"

నూకరత్నం నవ్వలేదు. ఆవిణ్ణి కూర్చోమని, మూడు తెల్లకాగితాలు తీసి ముందు పెట్టింది.

నీతి: మన నిజాన్ని దొరగారు వినకపోతే, దొరగారి అబద్ధాన్నే అక్షరం పొల్లుపోకుండా అమలు చెయ్యాలి.