కెప్టెన్‌గారి కోటులో సూది

ఆ ఆదివారం పొద్దున టైలరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా కెప్టెన్‌గారి కోటుకి పతకాల పట్టీ కుట్టి ఇచ్చేయాలి. పదకొండింటికి కింది హాల్లో జరిగే అపార్ట్‌మెంటు సమావేశంలో వెనక వరసలో కూర్చుని నోరు మూసుకోవాలి. ఆ రోజు అక్కడ తేలేది ఆమె గది సంగతే కాబట్టి, నోరు మూసుకోవడమే పథకంలో కష్టమైన భాగం.

అది మెట్ల కింద గది. ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, ఒక నిలువుటద్దం, తలుపు తీసిన ప్రతిసారీ మోకాలికి తగిలే స్టూలు. పన్నెండేళ్లుగా ఆ గదే ఇంటిని నడుపుతోంది, కూతుర్ని చదివిస్తోంది. కెప్టెన్‌గారు నాలుగో అంతస్తులోకి దిగి మాత్రం ఎనిమిది నెలలే అయింది. దిగిన మూడో రోజునుంచే లిఫ్టులో యుద్ధం కబుర్లు మొదలుపెట్టారు. కిందనుంచి నాలుగో అంతస్తు చేరేలోపు ఒక కొండ పట్టుకునేవారు. మధ్యలో కరెంటు పోతే రెండు. వాచ్‌మన్ చేత రోజూ సెల్యూట్ కొట్టించుకునేవారు. ఇప్పుడు మెట్ల కింద గది ఖాళీ చేయించి, బిల్డింగు భద్రత కోసం అందులో కమాండ్ రూము పెడతామంటున్నారు. ప్రాణాలకు తెగించి పోరాడిన మనిషికి ఒక గది ఇవ్వం అని ఎవరు అనగలరు? ఎవరూ అనలేదు.

కోటు నీటుగా కుట్టి ఇస్తే ఆయన మనసు కరుగుతుందేమోనని టైలరమ్మ ఆశ. ముందురోజు ఆయన కోటు తొడుక్కుని నిలువుటద్దం ముందు నిలబడి, అద్దం మీద వేలు పెట్టి ఇక్కడ కుట్టమన్నారు. ఎదురుగా నిలబడ్డ మనిషికి కొలతలు తీయడం ఆమెకి పన్నెండేళ్ల అలవాటు. అద్దంలో ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసింది, వేలు ఆ మనిషి కుడి రొమ్ము మీద కనబడింది, చీటీ మీద 'కుడి' అని రాసుకుంది. అలాగే కుట్టింది. దారం కనబడకుండా, కదిపితే కదలకుండా కుట్టింది. తొమ్మిదికి పది నిమిషాలుండగానే పైకి పంపేసింది.

తొమ్మిదిన్నరకి కూతురు ఫోనులో మాజీ సైనికుల ఫొటో ఒకటి చూపించింది. ఇరవై మంది వరసగా నిలబడ్డారు. ఇరవై మందికీ పతకాలు ఎడమవైపే.

టైలరమ్మ గుండెల్లో రాయి పడింది. ఆ రాయి మిలిటరీ కోర్టుదాకా దొర్లింది. పతకాలను అవమానించినందుకు ఎన్నేళ్లు వేస్తారు, జైల్లో మిషను ఇస్తారా, కూతురు ఒక్కతే పొయ్యి ఆర్పడం మర్చిపోతే ఎలా అని వరసగా ఆలోచించింది.

"అమ్మా, పట్టీ కుడివైపు కుట్టినందుకు ఎవరూ ఉరితియ్యరే," అంది కూతురు.

"నీకేం తెలుసు, తుపాకులున్నవాళ్లతో వ్యవహారం. నా సూదిపెట్టె ఎక్కడుందో గుర్తుపెట్టుకో, రేపు నేను లేకపోతే నీకే పనికొస్తుంది."

కోటు వెనక్కి తెచ్చుకోవాలని మెట్లెక్కింది. నాలుగో అంతస్తులో తాళం. ఆయన అప్పటికే కోటు తొడుక్కుని హాల్లో కుర్చీలు తనిఖీ చేయడానికి దిగిపోయారు. తిరిగొస్తుంటే రెండో అంతస్తులో సెక్రటరీ ఎదురయ్యాడు. తప్పు కుట్టానని చెప్పడానికి నోరు రాక, తోచిన అబద్ధం ఆడేసింది. కెప్టెన్‌గారి కోటులో సూది మర్చిపోయానని, గుచ్చుకుంటే ప్రమాదమని, ఎలాగైనా ఒకసారి కోటు ఇప్పించమని బతిమాలింది. సెక్రటరీ చెవిదగ్గర ఫోనుంది. రెండో చెవిలో పడ్డవి మూడే ముక్కలు: కెప్టెన్‌గారు, సూది, ప్రమాదం.

కెప్టెన్‌గారు సూది వేయించుకోవడం మర్చిపోయారట అని సెక్రటరీ తన భార్యతో చెప్పాడు. షుగరేమో అంది ఆవిడ. పక్కింటికి చేరేసరికి అది గుండెజబ్బు అయింది. మూడో అంతస్తులో మరీ బలిసి, యుద్ధంలో దిగిన తూటా ఒకటి ఒంట్లో ఉండిపోయిందని, అది పొద్దున కదిలిందని తేలింది. సెక్రటరీ భార్య తెలివైనది. వెంటనే వెళ్లి మొదటి అంతస్తులో సూది బామ్మ తలుపు కొట్టింది. బిల్డింగులో పిల్లలందరికీ జ్వరమొస్తే సూది వేసేది ఆ బామ్మే. ఆ పని ఎక్కడ నేర్చుకున్నారని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

టైలరమ్మ హాల్లోకి వచ్చేసరికి కెప్టెన్‌గారి వెనక రెండు దిళ్లున్నాయి. ఒకాయన విసురుతున్నాడు, ఇంకొకాయన నీళ్లగ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. ఇదంతా తనకి సన్మానమే అనుకున్నారు కెప్టెన్‌గారు. ఎవరో తూటా మాట ఎత్తితే ఒక్క క్షణం తడుముకుని, "అలవాటైన నొప్పేలెండి, దేశం ముందు ఇదెంత," అన్నారు. హాలు నిట్టూర్చింది. కుడిరొమ్ము మీద అయిదు పతకాలు ధగధగ మెరుస్తున్నాయి. టైలరమ్మ వెనక వరసలో కుర్చీ అంచున కూర్చుని, వెళ్లేటప్పుడు బేడీలు కొంగుచాటున దాచుకోవచ్చా అని ఆలోచిస్తోంది.

స్టీలు డబ్బాతో సూది బామ్మ వచ్చింది. కళ్లద్దాలు సర్దుకుని ఆయన్ని కింది నుంచి పైకి చూసింది. చూపు పతకాల దగ్గర ఆగిపోయింది. డబ్బా మెల్లగా బల్లమీద పెట్టింది.

"ఎవరు పోయారు నాయనా?"

"ఎవరూ పోలేదే," అన్నారు కెప్టెన్‌గారు.

"పోయిన మనవాళ్ల పతకాలైతేనే కుడివైపు పెట్టుకుంటారు. సొంతవి ఎడమవైపు. మీ నాన్నగారివా?"

అవునని ఒక్క మాట అంటే గట్టెక్కేసేవారు. కానీ ఎనిమిది నెలలుగా కొండలు పట్టుకున్న మనిషి, నాన్నకి ఎందుకు వదులుతారు? అవన్నీ తనవేనని, తమ రెజిమెంటులో ఇదే పద్ధతని చెప్పారు. ఏ రెజిమెంటని అడిగింది బామ్మ. అది రహస్యం అన్నారు.

"సరే నాయనా, రహస్యమే అనుకుందాం. మరి ఈ మూడోది మిలిటరీ ఆసుపత్రిలో నర్సమ్మలకి ఇచ్చేది. ఇరవై ఎనిమిదేళ్లు చేస్తే నాకూ ఒకటిచ్చారు. నువ్వు ఏ వార్డులో చేశావు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కెప్టెన్ రెండు చేతులతో పతకాలు కప్పుకున్నాడు. తర్వాత వేలు వెనక వరస వైపు చూపించాడు.

"ఆ టైలరమ్మ కుట్టింది తప్పు. నా తప్పేం లేదు."

అందరూ వెనక్కి తిరిగారు. ఎప్పటికైనా ఈ ఘడియ వస్తుందని టైలరమ్మకి పెళ్లికి ముందునుంచీ తెలుసు. లేచి నిలబడింది.

"నిజమేనండి, తప్పు నాదే. అద్దంలో చూసి కుట్టాను. ఏ శిక్ష వేసినా పడతాను. మా అమ్మాయికి మాత్రం పరీక్షలయ్యేదాకా గది ఉంచండి."

బామ్మ నవ్వింది. "నువ్వు కుట్టావు సరే, వేసుకున్న మనిషి చూసుకోవాలిగా తల్లీ. ప్రాణం పెట్టి సంపాదించినవాడు చీకట్లో తొడుక్కున్నా పతకం ఎటుందో కనిపెడతాడు."

అప్పుడు హాలు భగ్గుమంది. ఒకాయన ఫోను తీశాడు, ఇంకొకాయన కోటు పట్టుకుని లాగబోయాడు. దిళ్లు తెచ్చినావిడ దిళ్లు లాగేసుకుంది. బామ్మ స్టీలు డబ్బా మూత ఒక్కసారి బల్లకి కొట్టింది. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగారు.

"ఎవరూ చెయ్యి వెయ్యకండి. ఆ పతకాలు ఇతనివి కావు, నిజమే. కానీ ఎవరివో. చింపితే వాళ్లని చింపినట్టు. కోటు తనే విప్పి ఇస్తాడు."

కెప్టెన్ విప్పి ఇచ్చాడు. లోపల పాత బనియను, దానికంటే పాత మనిషి. పతకాలు పాతసామాన్ల కొట్లో కొన్నానని, ముప్ఫయ్యేళ్లు గొడుగుల కంపెనీలో గుమస్తాగా చేశానని, ఏనాడూ నన్ను చూసి ఎవరూ లేచి నిలబడలేదని గొణిగాడు. పతకాల అంచున పేర్లు చెక్కి ఉంటాయని, వాటినిబట్టి ఆ ఇళ్లు వెతికి పంపిస్తానని బామ్మ చెప్పింది. తర్వాత ఆయనతో, "గొడుగులు తక్కువ పనా నాయనా? అదే చెప్పి ఉంటే వానాకాలం నేనే లేచి నిలబడేదాన్ని," అంది.

పట్టీ విప్పడానికి టైలరమ్మని పిలిచారు. ఆమె చిన్న కత్తెర తీసుకుని హాలు మధ్యలోంచి నడిచింది. వాచ్‌మన్ కుర్చీ వేశాడు. ఆమె కుట్టిన దారం కావడంతో ఊడిరావడానికి పావుగంట పట్టింది. అయిదో పతకం బామ్మ అరచేతిలో పడగానే ముందు వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే, బామ్మకి. ఆ వెంటనే హాలంతా లేచింది. గది సంగతి తర్వాత ఓటుకి పెడితే అన్ని చేతులూ టైలరమ్మకే లేచాయి. గొడుగులాయన చెయ్యితో సహా.

పొద్దున ఒక పట్టీ తప్పువైపు కుట్టినందుకు ఇంత జరిగిందని కూతురు ఆ సాయంత్రం గదిలో పడీపడీ నవ్వింది. పన్నెండేళ్లలో ఇంత పెద్ద పొరపాటు చేశావా అమ్మా అని ఏడిపించింది. టైలరమ్మ దారం పళ్లతో తెంపి, నిలువుటద్దం వైపు చూసింది.

"పొరపాటేముందే, కెప్టెన్ అనేవాడు ఉన్నది ఆ అద్దంలోనే, అతనికి సరిగ్గానే కుట్టాను."