పైకప్పు తనిఖీ నివేదికను పొందు విధానము

అడిగిన కాగితాన్ని అడిగిన రోజే ప్రభుత్వ కార్యాలయం ఇచ్చేస్తే పౌరుడు చెడిపోతాడు! ఈ మాట ఆషామాషీగా అనడం లేదు. ముప్పై నాలుగేళ్లు కళాశాలలో ఆంగ్లం బోధించి రిటైరైనవాడిని. కామాను సైతం తొందరపడి పెట్టే అలవాటు లేనివాడిని.

సమాచారం ఇవ్వకుండా తిప్పుతున్నారని పత్రికలలో కొందరు వాపోతున్నారు. అయ్యా, తిప్పకపోతే మా వయసువారికి నడక ఎక్కడిది? భవనాల శాఖ ఆఫీసులో ఫారం మూడో అంతస్తులో, స్టాంపు కింది అంతస్తులో, జిరాక్సు వెనక షెడ్డులో దొరుకుతాయి. లిఫ్టుకు 'పనిచేయదు' అన్న అట్ట వేలాడుతూ ఉంటుంది. అడగకుండానే ఆ ఆఫీసు ఇచ్చిన సమాచారం అదొక్కటే. డాక్టరు చెప్పినా నడవని నన్ను శాఖవారు నడిపించారు. ఈ సేవకు ఏ జిమ్ము సాటి వస్తుంది?

ఇంతకూ నాకు కావలసిందేమిటి? మా మనవరాలు మూడో తరగతి చదువుతోంది. ఒకనాడు బడి నుంచి వచ్చి నోట్సు దులిపి, "తాతయ్యా, ఇవాళ నా భాగహారం మీద పైకప్పు రాలింది" అన్నది. చూస్తే అరచేయంత పెచ్చు. విచారించగా తేలినదేమిటంటే, నెల క్రితమే శాఖ ఇంజినీరొకరు నిచ్చెన వేయించుకుని, ఆ పైకప్పును సుత్తితో తట్టి చూసి, ఏదో రాసుకుని వెళ్లారు. ఏం రాశారో బడికి పంపలేదని హెడ్మిస్ట్రెస్ చెప్పింది. ఆ గదిలో నలభై ఒక్కమంది పిల్లలు కూర్చుంటారు. ఆ రాసినదేమిటో నేను చదవాలి. అంతే!

నాలుగు పేజీల అర్జీ ఇంగ్లీషులో రాశాను. ఒక్క అన్వయ దోషం లేదు. చివర 'సదరు పైకప్పు క్షేమమేనా?' అని ముగించి మా ఆవిడకు వినిపించాను.

"మీ ఇంగ్లీషు విని ఆ పైకప్పు పడకుండా ఆగుతుందా? ముందు పిల్లని బడి మాన్పించండి" అన్నది.

"ఆధారం లేకుండా ఎలా మాన్పిస్తాం?" అన్నాను. క్రమశిక్షణ గల మనిషి ఆధారం లేనిదే కంగారు పడకూడదు కదా!

సమాచార విభాగంలో ఒక గుమాస్తా ఉన్నారు. ఆఫీసులో అందరూ ఆయనను 'ముప్పయ్యో రోజు' అంటారు. జవాబుకు గడువు ముప్పై రోజులు. ఇరవై తొమ్మిదో రోజున జవాబిచ్చాడన్న అపకీర్తి ఆయనకు లేదు. సరిగ్గా ముప్పయ్యో రోజున పిలిపించారు.

"మాస్టారూ, ఇంగ్లీషు బ్రహ్మాండంగా ఉందండీ. కానీ మీరు ప్రశ్న అడిగారు."

"అడగడానికే కదయ్యా వచ్చింది?"

"అబ్బే! ప్రశ్నలకి మేం జవాబు చెప్పమండీ. కాగితం అడిగితే కాగితం ఇస్తాం. 'క్షేమమేనా' అనేది కాగితం కాదు కదండీ!"

విన్నారా? నిక్కమైన తర్కం! కనుక పాఠకులు గుర్తుంచుకోవాలి: అర్జీలో ప్రశ్నార్థకం కనబడకూడదు. 'ఫలానా నివేదిక నకలు ఇప్పించగలరు' అని ఒక్క వాక్యం చాలు. నేను అదే రాశాను. మళ్లీ ముప్పై రోజులకు, ఫైలు నంబరు లేదని తిప్పి పంపారు. నంబరు ఎక్కడుంటుంది? నివేదిక మీద ఉంటుంది! రిజిస్టరులో కూడా ఉంటుంది గానీ, దాన్ని చూడటానికి వేరే అర్జీ కావాలి. అదీ పెట్టాను. రిజిస్టరు చేతికి వచ్చాక, బల్ల ముందు కూర్చుని ఒక పూటంతా వేలితో వెదికి, మురుగుకాలువ మూతకూ వాచ్‌మన్ గది తలుపుకూ మధ్య మా పైకప్పును పట్టుకున్నాను. ఓర్పు నేర్పే ఇటువంటి విశ్వవిద్యాలయం మరొకటి ఉందా?

ఈ లోపల మా కోడలు టీచరును బతిమాలి పిల్లను గుమ్మం పక్క బెంచీకి మార్పించింది. మా ఇంట అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఒక్క ఆ పిల్ల తప్ప.

"తాతయ్యా, నేను గుమ్మం దగ్గరికి వచ్చేస్తే నా చోట్లో ఇంకొకళ్లు కూర్చుంటారు కదా?"

ప్రశ్న! భవనాల శాఖవారి లాగే నేనూ జవాబు చెప్పలేదు. నంబరు వేసి నాలుగో అర్జీ పెట్టి వచ్చాను.

ఎట్టకేలకు నివేదిక వచ్చింది. తొమ్మిది పేజీలు! విప్పి చూస్తే, మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా నల్ల సిరా పూసి ఉంది. తేదీ, పేజీ నంబర్లు మాత్రమే దక్కాయి. 'భద్రతా కారణాల రీత్యా, ఇంజినీరుగారి వ్యక్తిగత అభిప్రాయం అయినందునా తొలగించడమైనది' అని కింద ముద్ర. ఎంత ముందుచూపు! పైకప్పు దానంతట అదే పడుతుందని తెలిస్తే శత్రువులు బాంబు ఖర్చు మిగుల్చుకోరూ?

మా ఆవిడ ఆ కాగితాలను తిరగేసి చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"బాగున్న పైకప్పు గురించి ఎవరైనా ఇంత సిరా పోసేస్తారా అండీ?"

నాలుగు నెలలుగా నేను వెదుకుతున్న ఆధారం ఆమెకు ఒక్క నిమిషంలో దొరికింది. ఆ తొమ్మిది పేజీలనూ వరుసగా బడి గేటుకు అంటించి, పైన 'మూడో తరగతి పైకప్పు తనిఖీ నివేదిక' అని రాసి, పక్కన నిలబడ్డాను. పిల్లలను దింపడానికి వచ్చిన తల్లులూ తండ్రులూ ఆగారు. ఒక్క అక్షరం కనబడని ఆ తొమ్మిది పేజీలను ఆసాంతం చదివారు. ఒకాయన రెండోసారి కూడా చదివి, కొడుకు చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగాడు. ఆ వెనకే మిగిలినవారూ కదిలారు. ఆ పూట ఆ గదిలోకి ఒక్క పిల్లా అడుగు పెట్టలేదు. హెడ్మిస్ట్రెస్ తానే గదికి తాళం వేసి, బెంచీలను ఆరుబయట వేయించింది.

ప్రభుత్వ భాష ఎవరికీ అర్థం కాదని నేను జీవితమంతా విమర్శించాను. ఆ మాటను ఇందుమూలంగా ఉపసంహరించుకుంటున్నాను. భవనాల శాఖవారు ఇంత విస్పష్టంగా రాయగలరని నేను ఏనాడూ అనుకోలేదు.