రెండు చక్రాల ఫోర్ వీల్ డ్రైవ్

ఫోర్ వీల్ డ్రైవ్ బండికి నాలుగు చక్రాలూ ఇంజను బలంతోనే తిరగాలనే మూఢనమ్మకం మన పల్లెల్ని పాడుచేస్తోంది! ఈ మాటన్నందుకు నా మీద విరుచుకుపడేవాళ్ళు నిరభ్యంతరంగా పడవచ్చు. నేను మాత్రం వెనక్కి తగ్గను. తగ్గుదామన్నా నా బండికి రివర్స్ గేరు ఓ పట్టాన పడదు.

వేటకు వెళ్ళడానికి చిన్నపాటి సెకండ్ హ్యాండ్ బండి ఏది కొంటే బాగుంటుందని పాఠకులు నన్ను తెగ అడుగుతున్నారు. తెగ అంటే, ఒకాయన అడిగాడు. అదీ పెట్రోలు బంకులో, నా బండి వంక జాలిగా చూస్తూ. ఆయన కోసమూ, అడగడానికి మొహమాటపడుతున్న మిగతా వేలమంది కోసమూ నా అనుభవసారం ఇక్కడ విప్పుతున్నాను.

ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ కొండల్లో పద్నాలుగు మందిమి కలిసి నడుపుకునే షూట్, అంటే పిట్టల వేట, మాది. పిట్టల కాపలాకి ఒక్క మనిషిని తప్ప జీతాలిచ్చి ఎవర్నీ పెట్టుకునే తాహతు లేదు గనక, సగంమంది తుపాకులతో నిలబడితే మిగతా సగం కర్రలతో పొదలు బాదుతూ ఫెజంట్ పిట్టల్ని లేపుతారు. మరుసటి విడతకి వంతులు మారతాయి. నవంబరు నుంచి జనవరి దాకా రెండు వారాలకో శనివారం ఇదే మా పూజ, ఇదే మా పునస్కారం.

మాలో అందరికంటే పెద్దవాడు హెడ్లీ ప్రోబర్ట్. డెబ్బై ఎనిమిదేళ్ళు. నా పన్నెండో ఏట నాకు తుపాకీ పట్టుకోవడం నేర్పింది ఆయనే. అంతకుముందు ఏడాది పాటు దాన్ని ముట్టుకోకుండా ఉండటం నేర్పిందీ ఆయనే. చూపు ఇప్పటికీ చురుకే. మోకాళ్ళ సంగతే బాగోలేదు. మొన్న వసంతంలో కుడి మోకాలు మార్పించుకున్నాడు. కొత్తది ముందుకు పోదామంటుంది, పాతది కూర్చుందామంటుంది.

ఆగస్టులో పబ్బు వెనక గదిలో మా మీటింగు జరిగింది. షూట్ కెప్టెన్ జూలియన్ గొంతు సవరించుకుని ఒక కాగితం చదివాడు. కొండ మీద జరిగే ఆఖరి విడతకి చేరుకోలేని సభ్యులు ఈ ఏడాది తమ స్థానం వదులుకోవాలట. అంతా భద్రత కోసమేనట. పేరు మాత్రం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు, అందరం ఒక్కసారిగా బీరు గ్లాసుల్లోకి తల దించుకున్నాం.

హెడ్లీ ఒక్కడే తలెత్తి అడిగాడు. "నడిచే చేరుకోవాలా నాయనా, ఎలాగోలా చేరుకుంటే చాలా?"

"ఎలాగోలా చేరుకుంటే చాలండీ," అన్నాడు జూలియన్, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ.

అరవై ఏళ్ళుగా ఆ కొండ మీద నిలబడుతున్న మనిషి! ఆ స్థానం పోతే ఆయనకి చలికాలమంటూ ఒకటి ఉండదు. నాకేమో కూరగాయలు తెచ్చుకునే బుల్లి కారు తప్ప గతి లేదు, దానికి ఆ కొండదారి పేరు చెబితేనే వణుకు. మర్నాటి నుంచే బండి కోసం తిరగడం మొదలుపెట్టాను.

ఇలాంటి బండి ఎంచుకోవడానికి మావైపు తరతరాలుగా ఒక శాస్త్రం ఉంది. ఇంజను మూత ఎత్తి చూడకూడదు, అమ్మేవాడు చిన్నబుచ్చుకుంటాడు. వెంట కుక్కని తీసుకెళ్ళాలి. వెనక తలుపు తీయగానే కుక్క తనంతట తాను ఎక్కి పడుకుంటే అది మంచి బండి. ఆ తర్వాత తుపాకీ సంచి వెనక సీటు మీద అడ్డంగా పడుతుందో లేదో చూసుకోవాలి. ఇక మిగిలినవన్నీ టౌను వాళ్ళ చాదస్తాలు.

లడ్లో ఊరి దగ్గర మొదట చూసింది ఒక చర్చి ఫాదరుగారి బండి. అద్దంలా మెరుస్తోంది. నా స్పానియెల్ కుక్క పెప్పర్ దాన్ని వాసన చూసి, తుమ్మి, టైరు మీద తన అభిప్రాయం తెలియజేసింది. రెండోది గొర్రెల కాపరిది. పెప్పర్ ఒక్క ఉరుకున ఎక్కింది గానీ, సీటు కింద ఎప్పటిదో సగం తిన్న మాంసం పఫ్ దొరకడంతో ఆ తీర్పు చెల్లదని కొట్టేశాను.

మూడోది క్లన్ అనే ఊళ్ళో దొరికింది. పద్దెనిమిదేళ్ళ పాత బండి, ఆకుపచ్చ రంగు, అగ్గిపెట్టెకి చక్రాలు తగిలించినట్టుంది. పెప్పర్ ఎక్కి, మూడు చుట్లు తిరిగి, నిద్రపోయింది. తుపాకీ సంచి కొలిచి కుట్టించినట్టు పట్టింది. గేరు పక్కన ఫోర్ వీల్ వేసే పొట్టి లివరుంది. చిటికెన వేలితో అలా నెట్టానో లేదో వెన్నలోకి కత్తి దిగినట్టు దిగింది.

"ఇంత మెత్తటి లివరు నా జన్మలో చూడలేదు," అన్నాను.

"దాన్ని ఎవరూ ఎక్కువగా వాడలేదు లెండి," అన్నాడు అమ్మేవాడు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

ఇంటికి తెచ్చాక మా ఆవిడ డిలిస్ దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

"కుక్కే సెలెక్ట్ చేసిందా?"

"అదే చేసింది."

"అయితే ఇన్సూరెన్సు కూడా దాని పేరు మీదే తీసుకో," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆడవాళ్ళకి ఇలాంటి బండి మహిమ అంత త్వరగా బోధపడదు. డ్రైవరు వైపు తలుపు లోపల్నుంచి తెరుచుకోదు, కాబట్టి కోపం వచ్చిన చోటల్లా దిగిపోయే చెడ్డ అలవాటు నాకు పోయింది. పైకప్పు కారుతుంది, కుక్కకి స్నానం కలిసొచ్చింది. హీటరు సెప్టెంబరు ఎండల్లో దివ్యంగా పనిచేసింది. రోదకి పక్క సీట్లో మనిషి మాట వినపడదు, మా సంసారం ఇంత ప్రశాంతంగా ఇదివరకెన్నడూ లేదు! ఎయిర్‌పోర్టు దాకా దింపమని ఇంతవరకూ ఏ చుట్టమూ అడగలేదు. తాళం వేయకుండా బజార్లో వదిలేసి వెళితే, తిరిగొచ్చేసరికి ఎవరో పుణ్యాత్ముడు సీటు మీద ఒక పౌండు బిళ్ళ పెట్టి పోయాడు. ఇన్ని సుఖాలు ఏ కొత్త బండిలో ఉన్నాయో చెప్పండి?

నవంబరులో మొదటి శనివారం వచ్చింది. ఆఖరి విడత వేళకి కొండదారి పట్టాం. అటూ ఇటూ రాతిగోడలు, మధ్యన ఒకే ఒక్క బండి పట్టే దారి. అందరికంటే ముందు నేను, నా పక్కన హెడ్లీ, వెనక మా ఇద్దరి కుక్కలు. మా వెనకాల జూలియన్‌దీ, మరో నలుగురు సభ్యులవీ కలిపి ఐదు భారీ బండ్లు, ఒక్కోదాంట్లో దాని యజమాని. సీట్లు లేతరంగు తోలువి గనక వాటిలోకి తడి కుక్కలకి ప్రవేశం లేదు, తడి కుక్కలున్న మనుషులకీ లేదు. మిగతావాళ్ళు పొదలు కొట్టడానికి అడ్డదారిన నడిచి వెళ్ళారు.

మూడో మలుపు దగ్గర గేటు ముందంతా బురద. నేను మహారాజులా లివరు నెట్టాను. వెనక చక్రాలు గిర్రున తిరిగి అంగుళం అంగుళం లోపలికి దిగాయి. ముందు చక్రాలు మాత్రం ఆ గొడవతో తమకేమీ సంబంధం లేనట్టు నిలబడ్డాయి.

గేటు తీయడానికి అక్కడే కాచుకుని ఉన్న మా పిట్టల కాపలాదారు ఐవర్ బురదలో పడుకుని బండి కింద తొంగిచూశాడు. లేచి మోచేతులు దులుపుకున్నాడు.

"ముందు చక్రాల్ని తిప్పే షాఫ్టే లేదయ్యా. పెట్రోలు కలిసొస్తుందని ఎవడో ఎప్పుడో ఊడబీకేశాడు. నీ లివరు కింద ఏమీ లేదు, ఉత్త గాలే."

"మెత్తగా ఉందని ఊరంతా చెప్పుకున్నావుగా," అన్నాడు హెడ్లీ.

నిండా పప్పులో కాలేశానని నాకప్పుడు తెలిసింది. దిగిపోదామని హెడ్లీ తలుపు తీశాడు.

జూలియన్ హారన్ కొట్టాడు. వెనక్కి పొమ్మన్నాడు. ఎవరు పోతారు? ఆయన వెనక నాలుగు బండ్లు, పావు మైలు పొడుగునా మలుపులు, తగిలితే గీతలు పడే రాతిగోడలు. కొండ మీదేమో విడత మొదలవబోతోంది. చేసేది లేక ఐదుగురూ దిగారు.

"మీరు కూర్చోండి పెద్దాయనా," అన్నాడు ఐవర్, హెడ్లీ వైపు తలుపు మూసేస్తూ. "బండికి బరువుండాలి."

ఆరుగురూ భుజాలు ఆన్చి తోశారు. నా వెనక చక్రాలు తమకి చేతనైనంత బురద వాళ్ళకి పంచిపెట్టాయి. కొండ మీదికి చేరేసరికి ఎవరు జూలియనో, ఎవరు ఐవరో ఆనవాలు పట్టడానికి లేదు. హెడ్లీ నెమ్మదిగా దిగి, పదకొండడుగులు నడిచి, తన చోటికి గుర్తుగా పాతిన కర్ర దగ్గర నిలబడ్డాడు. పైనుంచి వచ్చిన మొదటి పిట్ట మీద రెండు సార్లు పేల్చాడు, రెండూ తప్పాయి. అంత సంతోషంగా గురి తప్పిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

అప్పట్నుంచి ఆరు శనివారాలు గడిచాయి, ఆరుసార్లు తోశారు. పాత ఇనుము కొట్లో షాఫ్టు దొరికిందనీ, గంటలో బిగించేస్తాననీ ఐవర్ అంటున్నాడు. వద్దని దండం పెట్టాను. జిమ్ముకి పోకుండా ఐదుగురు పెద్దమనుషుల ఒళ్ళు గట్టిపడుతోంది, నేనెందుకు చెడగొట్టాలి?

మొన్న శనివారం జూలియన్ కనురెప్పల మీద బురద తుడుచుకుంటూ నాకు హితబోధ చేశాడు. "నువ్వు సరైన బండి కొనుక్కోవయ్యా. నాది చూడు, ఏడు సీట్లు."

"ఏడా?" అన్నాడు హెడ్లీ. "నాకు తెలియనే తెలియదు నాయనా."

జూలియన్ తుడుచుకోవడం ఆపేశాడు.

ఐదు బండ్లు, ముప్ఫై సీట్లు. ఆగస్టు మీటింగులో ఆ యజమానులు ఐదుగురూ అక్కడే కూర్చున్నారు. 'పెద్దాయనా, నాతో రండి' అని ఒక్కడు అని ఉంటే నేను క్లన్ దాకా పోయేవాణ్ణీ కాదు, ఈ వ్యాసం రాసేవాణ్ణీ కాదు.

అందుకని పెట్రోలు బంకు పెద్దమనిషికి నా సలహా ఒక్కటే. చిన్న బండే కొనండి సార్, పెద్ద బండ్లలో చోటుండదు.